ఏకోదరులెవరు?

మన సంఘములో ఏ సభ జరిగినను వక్త లేచి మొదట పలుకు మాట "సహోదర సహోదరీమణులారా" అనునది. వినువారు అలవాటు చొప్పున చేతులు జోడింతురు. ఆ మాటకు అర్థమేమని అడుగువారు అరుదు. 'సహ' యనగా కూడ; 'ఉదర' మనగా కడుపు. ఒకే కడుపును పంచుకొనినవారు సహోదరులు. సభలో కూర్చున్న రెండువందల మందియు ఒక తల్లి కడుపున పుట్టినవారు కారు గదా! అట్లయిన ఆ సంబోధన అబద్ధమా? కేవలము మర్యాదయా? లేక మనము విచారింపదగిన సత్యమేదైన అందులో కలదా? మనుష్యులను బంధువులుగా చేయునది కడుపా, లేక మరియొకటియా? ఈ వ్యాసమునకు విషయమిదియే.

ఇది తీరిక గల పండితులు తర్కించుకొను ప్రశ్నయని తలపరాదు. గోత్రమును, గ్రామమును పది తరముల దాక చెప్పుకొనగల వారికి ఈ ప్రశ్న రాకపోవచ్చును. మన కుటుంబచరిత్ర ఓడ జాబితాతో ఆరంభమగుచున్నది. ఫిజీకి వచ్చిన ప్రతి మనిషికి మదరాసులోనో కలకత్తాలోనో ఒక వలసపత్రము వ్రాసిరి. అందులో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చలు, ఎత్తు — వీనికన్నిటికిని గడులు కలవు. తల్లి పేరు వ్రాయుటకు మాత్రము గడి లేదు. మన పూర్వులను గన్న కడుపు ఆ కాగితముపై ఎచ్చటను కానరాదు. కావున కడుపును గూర్చిన మాటలు మనకు నిఘంటువులోని మాటలు మాత్రమే కావు. మన జాబితాలో లేకపోయిన పేరును వెదకుకొను దారులు.

మాటల లోపల నున్నది

భాషను తల్లి ఒడిలో నేర్చినవారు మాటను నోటితో వాడుదురేగాని దాని లోపలికి తొంగిచూడరు. నావలె ఆలయములోని ఆదివారపు తరగతిలో అక్షరము అక్షరముగా నేర్చినవారికి ప్రతి మాటయు విప్పి చూడవలసిన మూటయే. విప్పిచూడగా బంధుత్వపు మాటలలో కడుపు ఎన్నిచోట్ల దాగియున్నదో తెలిసినది.

సోదరుడు, సహోదరుడు, ఏకోదరుడు — ఈ మూడును ఉదరమునుండి పుట్టినవే. అచ్చతెనుగున 'తోబుట్టువు' అందుము. తోడ పుట్టినవాడు, తోడ పుట్టినది. గ్రీకు భాషలో సోదరుని 'అడెల్ఫోస్' అందురు. అందు మొదటి అక్షరమునకు 'ఒకే' యనియు, తక్కిన భాగమునకు 'గర్భము' అనియు అర్థము. అనగా మన సహోదరుడును వారి అడెల్ఫోసును ఒకే ఆలోచన. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునకు 'సోదరప్రేమ నగర' మని పేరు పెట్టినవారు తెలిసియో తెలియకయో ఆ పేరులో తల్లి కడుపును కూడ పెట్టిరి.

అయితే తెలుగు ఇక్కడ ఆగలేదు. పెదతండ్రి కొడుకు మనకు అన్న. పినతల్లి కూతురు మనకు చెల్లెలు. వారు మన తల్లి కడుపున పుట్టలేదు. ఐనను అన్నయే, చెల్లెలే. తల్లి అక్క పెద్దతల్లి, తల్లి చెల్లెలు పినతల్లి; ఇద్దరును తల్లులే. తల్లి తోబుట్టువైన మగవాడు మేనమామ, తండ్రి తోబుట్టువైన ఆడది మేనత్త. ఆ మాటలలో 'మేను', అనగా శరీరము కలదు. ఇంగ్లీషులో వీరందరి బిడ్డలకును కలిపి 'కజిన్' అను ఒక్క మాటయే. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఆ మాటకే అలవాటుపడి, "పెదనాన్న కొడుకు అన్న ఎట్లగును?" అని తరగతిలో అడుగుదురు. అది మంచి ప్రశ్న. దానికి సమాధానమిది: మన భాష కడుపుతో మొదలుపెట్టినది గాని కడుపుతో ముగింపలేదు. గర్భమును కొలతగా తీసికొని, ఆ కొలతను ఇంటినిండ పరచినది.

ధర్మశాస్త్రకారులును ఈ విషయమున ఏకాభిప్రాయులు కారు. సపిండుడనగా ఎవడు? పిండమనగా శరీరము, ఒకే శరీరపు అంశములను పంచుకొనినవారు సపిండులని మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుని మతము. పిండమనగా పితృదేవతలకు పెట్టు అన్నపు ముద్ద, దానిని పెట్టు కర్తవ్యము గలవారు సపిండులని దాయభాగము వ్రాసిన జీమూతవాహనుని మతము. ఒకరు బంధుత్వమును దేహమున చూచిరి. మరొకరు కర్తవ్యమున చూచిరి. భారతదేశపు 1955 నాటి హిందూ వివాహ చట్టము కూడ ఒకే తండ్రికి వేర్వేరు భార్యలయందు పుట్టినవారిని, ఒకే తల్లికి వేర్వేరు భర్తలవలన పుట్టినవారిని విడివిడిగా లెక్కించి, రెండవ వారి సంబంధమునకు గర్భము పేరనే పేరు పెట్టినది.

ఇచట ఆచరణకు సంబంధించిన మాట ఒకటి చెప్పవలెను. వైద్యుడు "మీ సోదరులలో ఎవరికైనను చక్కెరవ్యాధి గాని గుండెజబ్బు గాని కలదా?" అని అడిగినపుడు ఆయనకు కావలసినది రక్తసంబంధపు వివరము. మన పెద్దలు ఓడసంబంధపు మామను, పక్కతోట అన్నను కూడ ఆ లెక్కలో చేర్చి చెప్పుదురు. కొందరు చెప్పవలసిన వారినే మరచుదురు. ఆస్పత్రిలో కడుపు లెక్క ప్రకారము చెప్పవలెను. ఇంటిలో ఆ లెక్కను పక్కన పెట్టవలెను. ఏ లెక్క ఎచ్చట వాడవలెనో తెలియుటయే వివేకము.

సంచియా, గుడియా

తెలుగులో 'కడుపు' అను ఒక్క మాట అన్నము పోవు చోటికిని బిడ్డ పెరుగు చోటికిని చెల్లును. "కడుపు నొప్పి" అని ముసలమ్మ చెప్పగా ఏ కడుపో వైద్యునికి తెలియదు. ఐనను ఈ ఒక్క మాటలో లోతు కలదు. ఆకలికిని సంతానమునకును మన భాష ఒకే ఇల్లు కట్టినది. 'కడుపు నిండినది' యనినను తృప్తియే, 'కడుపు పండినది' యనినను తృప్తియే. బిడ్డ మరణించిన తల్లి దుఃఖము కడుపుకోత. బిడ్డపై మమకారము కడుపుతీపి.

ఇక స్త్రీ జీవితములోని ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క మాట కలదు. నెల తప్పినది, నీళ్లోసుకొన్నది, వేవిళ్లు, చూలాలు, నిండు చూలాలు, పురిటినొప్పులు, కాన్పు, బాలింత. లోపలి వస్తువులకును మన అవ్వలు పేర్లు పెట్టిరి: ఉమ్మనీరు, బొడ్డుతాడు, మాయ. మంత్రసాని వైద్యశాస్త్రము చదువలేదు. ఐనను "మాయ ఇంకను పడలేదు" అని ఆమె చెప్పినపుడు ఇంటివారందరును ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. ఆ మాటకు అంత బరువు కలదు.

గర్భమునకు సంస్కృతమున గర్భాశయ మనియు గర్భకోశ మనియు పేర్లు. వాడుకలో నేడు వినవచ్చునది 'గర్భసంచి'. ఈ మాటను గూర్చి కొంచెము ఆలోచింపవలెను. సంచి యనగానే మనస్సునకు తోచునదేమి? సరుకు ఉన్నంతవరకు సంచికి విలువ; సరుకు అయిపోయిన పిదప మడిచి మూలపడవేయవచ్చును. "పిల్లలు పుట్టినారు గదా, ఇక సంచి ఎందుకు? తీయించుకొనుము" అను మాట తెలుగు పల్లెలలో ఎందరో స్త్రీలు వినిరి. 2015–16లో భారతదేశమున జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారిగా దీని లెక్క తీసిరి. 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీసివేయబడినవారు దేశమంతట నూటికి సుమారు ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణమున దాదాపు ఎనిమిదిమంది. రోగము ముదిరినపుడు ఆ శస్త్రచికిత్స ప్రాణమును కాపాడును, దానిని నిందింపరాదు. కాని ఆ అంకెలలో అవసరము లేని కోతలును కలవని వైద్యులే చెప్పుచున్నారు. పేదరికము, భయము, లాభాపేక్ష — ఇవి ప్రధాన కారణములు. వానికి తోడుగా మాట కూడ పనిచేసినదని నా తలంపు. సంచియన్నదానిని పారవేయుట సులభము.

ఇదే గర్భమను మాటను మన పెద్దలు మరియొకచోట వాడిరి. దేవాలయములో స్వామి కొలువైన చోటు గర్భగుడి. చిన్నది, చీకటిది, లోతైనది. శుచిగా, అనుజ్ఞతో మాత్రమే ప్రవేశింపదగినది. ఒకే అవయవమునకు ఒక నోట సంచి, ఒక నోట గుడి! ఏ అవయవము పేరును దేవుని ఇంటికి పెట్టితిమో, ఆ అవయవపు సహజధర్మమును కారణముగా జూపి నెలకు కొన్ని దినములు స్త్రీని ఆ ఇంటి గడప అవతలనే నిలుపుచున్నాము. ఈ విరోధమును మన పెద్దలు నిదానముగా ఆలోచింతురు గాక.

మాటవలన స్త్రీకి అన్యాయము జరుగుట మన దేశపు దోషము మాత్రమే కాదు. గ్రీకులు గర్భమును 'హిస్టెరా' అనిరి. అది శరీరములో అటునిటు తిరుగుచు స్త్రీ మతిని చెరచునని నమ్మిరి. ఆ నమ్మకమునుండి 'హిస్టీరియా' అను రోగనామము పుట్టి రెండువేల ఏండ్లకు పైగా బ్రదికినది. అమెరికా మనోవైద్యుల సంఘము తన రోగముల పట్టికనుండి ఆ పేరును 1980లో గాని తొలగింపలేదు.

పొలమా, మనిషియా

గర్భమును గూర్చి పూర్వులు చెప్పిన పోలికలలో అన్నింటికంటె బలమైనది క్షేత్రము, బీజము అను పోలిక. స్త్రీ పొలము, పురుషుడు విత్తనము. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున దీనిపై దీర్ఘమైన చర్చ కలదు. పంట విత్తిన వానిదా, పొలము గలవానిదా అని అడిగిరి. పొలమునకు ఆ పంటపై హక్కు కలదా అని అడుగలేదు. క్షేత్రజుడు అను బంధుత్వపు మాట ఇందుండియే వచ్చినది.

చెరకుతోటలో పనిచేసినవారి మనుమలమైన మనకు ఈ పోలిక ఇతరులకంటె బాగుగా అర్థము కావలెను. పొలమునకు యజమానుడు ఉండును. పొలమును కౌలుకు ఇత్తురు. పంట చెడినచో పొలమును తిట్టుదురు. కడుపు పొలమైనచో ఈ మూడును కడుపునకు వచ్చును; వచ్చినవి కూడ. బిడ్డలు పుట్టనిచో 'గొడ్రాలు' అను మాటను స్త్రీపైననే విసరిరి. ఆడపిల్లలే పుట్టినచో ఆమె కడుపునే నిందించిరి.

శాస్త్రము ఈ పోలికను కూల్చివేసినది. 1827లో కార్ల్ ఎర్న్‌స్ట్ ఫాన్ బేయర్ క్షీరదములలో తల్లి అండమును కనుగొనెను. విత్తనము తండ్రిది మాత్రమే కాదనియు, తల్లిది కూడ సమానమైన భాగమనియు తరువాతి పరిశోధనలు నిరూపించినవి. 1905లో నెట్టీ స్టీవెన్స్ అను అమెరికా శాస్త్రవేత్త పురుగులపై పరిశోధన చేసి, బిడ్డ ఆడయో మగయో నిర్ణయించునది తండ్రి బీజమని చూపెను. సంతానము కలుగకపోవుటకు దాదాపు సగము జంటలలో పురుషుని లోపము కూడ కారణమగుచున్నదని నేటి వైద్యులు చెప్పుదురు. ఇన్ని తెలిసిన పిదప కూడ మన ఇండ్లలో 'గొడ్రాలు' అను మాట నిలిచియుండుట సిగ్గుచేటు. దానిని పశువులకే విడిచిపెట్టుదము.

ఓడ కడుపు

ఇప్పుడు మన సొంత చరిత్రకు వత్తము. 1879లో 'లియోనిడాస్' ఓడ కలకత్తానుండి ఫిజీ చేరినది. 1903లో 'ఎల్ఫిన్‌స్టోన్' ఓడతో మదరాసునుండియు కూలీలను తెచ్చుట మొదలైనది. ఉత్తరార్కాడు, కృష్ణా, గోదావరి, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారు అట్లు వచ్చిరి. 1916 వరకు సుమారు అరువదివేల మంది ఆ దీవులకు చేరిరి. అంతకు ముందే, 1860లో, 'ట్రూరో' ఓడ మదరాసునుండి నాటాలు తీరమునకు పోయినది. ప్రతి నూరుగురు మగవారికి నలుబదిమంది ఆడవారు ఉండవలెనని ప్రభుత్వపు నియమము. కుటుంబములు కలిసి బ్రదుకుటకు గాక లెక్క సరిపోవుటకు పెట్టిన నియమమది.

గిర్మిటు ఐదేండ్లు. మగవానికి దినమునకు ఒక షిల్లింగు, ఆడుదానికి తొమ్మిది పెన్నీలు. ఆ కాగితమున 'బాలింత' అను మాటకు చోటు లేదు. 1910లో నాడి ప్రాంతమున ఒక తోటలో నారాయణి అను స్త్రీ ప్రసవించెను, బిడ్డ దక్కలేదు. మూడు నాలుగు దినములకే పనిలోనికి రమ్మనిరి. ఆమె రాలేననగా తోట అధికారి ఆమెను చావగొట్టెను. విచారణ జరిగినది, అధికారి నిర్దోషియని విడువబడెను, ఆమెకు మతి చలించెను. మన పల్లెలో ఎంత పేద ఇంటనైనను పచ్చి బాలింతచే పొలము పని చేయింపరు. పురుడు వెళ్లువరకు ఆమెకు వేరు చోటు, వేరు పథ్యము, వేరు మర్యాద. 'బాలింత' అను మాటయే ఆమె చుట్టును గీసిన గీత. గిర్మిటు భాషలో ఆ మాట లేదు గనుక ఆ గీతయు లేదు. ఒక భాష ఒక మాటను కోల్పోయినచో ఏమి పోవునని అడుగువారికి నారాయణి కథయే సమాధానము.

అయితే మన పూర్వులు కోల్పోయినది కొంత, కట్టుకొన్నది కొంత. తల్లిని, తండ్రిని, తోబుట్టువులను తీరమున విడిచి ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు జహాజీ భాయి, జహాజీ బహెన్ అని పిలుచుకొనిరి. కులము, భాష, జిల్లా వేరైనను ఓడ ఒక్కటియే. పలు కుటుంబములలో జహాజీల బిడ్డలకు పెండ్లి చేయుట కూడ తప్పుగా ఎంచిరి. అన్నచెల్లెండ్రకు పెండ్లి యెట్లు? ఓడ అడుగున చీకటిలో, గాలి ఆడని చోట, ఉప్పునీటి నడుమ వారాల తరబడి పక్కపక్కనే పడియుండినవారు వేరొక జన్మ ఎత్తి బయటికి వచ్చిరి. వారు ఓడను కడుపుగా లెక్కించిరి. శాస్త్రము చదువని ఆ కూలీలు జీమూతవాహనుని పక్షమున నిలిచిరని నేననుకొందును. ఒకరు చనిపోయినచో మరొకరు కొరివి పెట్టిరి. ఒకరి బిడ్డను మరొకరు పెంచిరి. పిండము పెట్టువాడు సపిండుడు.

ధర్మరాజు కోరిన ప్రాణము

కడుపు ఒక్కటియైనంత మాత్రమున సోదరభావము కలుగదని చూపుటకు మహాభారతము చాలును. కర్ణుడును అర్జునుడును ఒకే కడుపున పుట్టిరి. ఒకనిని మరొకడు చంపెను. గాంధారి కన్న పిండమును నూటొక్క కుండలలో పెంచి బిడ్డలను తీసిరని కథ. కుండలో పుట్టినవాడే ద్రోణుడు. పూర్వులు గర్భమును గూర్చి ఊహింపని సంగతి లేదు. దేవకి గర్భమును రోహిణి కడుపునకు మార్చగా బలరాముడు పుట్టెను. అందుచేతనే ఆయనకు సంకర్షణుడని పేరు. కృష్ణుడు దేవకి కడుపున పుట్టి యశోద ఒడిలో పెరిగెను.

వీనియన్నింటిలో నాకు మిక్కిలి గొప్పగా తోచునది యక్షప్రశ్నల కడపటి ఘట్టము. అరణ్యపర్వములో తెలుగున ఎఱ్ఱన పూరించిన భాగమున అది వచ్చును. నలుగురు తమ్ములును చచ్చి పడియున్నారు. ప్రశ్నలకు మెచ్చిన యక్షుడు ఒక్కనిని బ్రదికింతును, ఎవరిని కోరుదువో చెప్పుమనెను. భీముడు గాని అర్జునుడు గాని ఏకోదరుడు. రాజ్యమునకు వారే ఆధారము. ధర్మరాజు నకులుని కోరెను. కారణమేమన: కుంతి కడుపున పుట్టినవారిలో తాను మిగిలియున్నాడు, మాద్రి కడుపున పుట్టినవాడును ఒకడు మిగులవలెను.

ఈ సమాధానమును జాగ్రత్తగా చూడవలెను. ధర్మరాజు కడుపును తృణీకరింపలేదు. "అందరును సమానమే, కడుపుతో పనిలేదు" అనలేదు. రెండు కడుపులను లెక్కించెను. తన్ను గన్న కడుపుతోపాటు, చనిపోయి అడుగలేని మరియొక కడుపును కూడ తలచెను. ఏకోదరుడెవడను ప్రశ్నకు నాకు దొరికిన సమాధానము ఇచ్చట మొదలగుచున్నది. నా తల్లి కడుపునకు నేనెంత ఋణపడియున్నానో, ఎదుటివాని తల్లి కడుపునకును అంత గౌరవము ఇయ్యగలవాడే నిజమైన సహోదరుడు.

అద్దె గర్భము

పురాణములలో ఊహగా ఉండినది మన కాలమున వైద్యశాలలలో జరుగుచున్నది. 1978 జూలై 25న శరీరము వెలుపల ఫలదీకరణము జరిగిన మొదటి శిశువు లూయీ బ్రౌన్ ఇంగ్లండులో పుట్టెను. ఆ తరువాత ఒకతె అండమును మరొకతె కడుపున పెంచుట సాధ్యమైనది. 1990లో కాలిఫోర్నియాలో కాల్వర్ట్ దంపతుల బిడ్డను అన్నా జాన్సన్ అను స్త్రీ ఒప్పందముపై మోసి కనెను. కాల్వర్టు భార్యకు గర్భాశయము తీసివేయబడినది. అండములు మాత్రము ఆమెవే. తల్లి యెవరను వివాదము ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోగా, 1993లో తీర్పు వెలువడెను. అండమిచ్చినది ఒకతె, కన్నది ఒకతె. ఇద్దరికిని తల్లియనుటకు ఆధారము కలదు గనుక, బిడ్డను ఎవరు సంకల్పించిరో ఆమెయే తల్లి యని న్యాయస్థానము నిర్ణయించెను. అండము, కడుపు — ఈ రెంటికిని పైన సంకల్పము నిలిచినది.

భారతదేశములో 2002 మొదలు ఇది పెద్ద వ్యాపారమై, గుజరాతులోని ఆనంద్ వంటి పట్టణములు లోకప్రసిద్ధములైనవి. 2021 నాటి చట్టము ధనము పుచ్చుకొని బిడ్డను మోయుటను నిషేధించి, ప్రతిఫలము లేక చేయు సహాయమును మాత్రము అనుమతించినది. తెలుగు పత్రికలు దీనిని 'అద్దె గర్భము' అని వ్రాయుచున్నవి. అద్దె! పొలము కౌలునుండి ఇంటి అద్దెకు వచ్చితిమి.

గిర్మిటు బిడ్డలమైన మనము ఈ విషయమున తొందరపడి తీర్పు చెప్పరాదు, చెప్పక ఊరకుండనురాదు. దీనికి అనుకూలముగా చెప్పు మాటలు బలమైనవే. బిడ్డలు లేని దంపతుల దుఃఖము చిన్నది కాదు. తన శరీరముతో ఏమి చేయవలెనో స్త్రీ తానే నిర్ణయించుకొనవచ్చును. రోహిణి దేవకికి చేసిన సహాయము పాపము కాలేదు. ఇవన్నియు నిజమే. కాని "ఇష్టపడియే వచ్చినారు, కాగితముపై వేలిముద్ర వేసినారు" అను మాటను మన పూర్వులను గూర్చియు చెప్పిరి. ఆ వేలిముద్ర వెనుక ఆకలి ఉండెను, తెలియని భాష ఉండెను, ఫిజీ ఎచ్చట ఉన్నదో తెలియని అమాయకత ఉండెను. కావున మన చరిత్రనుండియే మూడు పరీక్షలను తీసికొనవచ్చును.

మొదటిది, మాట తెలిసి ఇచ్చిన సమ్మతియా? లాస్ ఏంజిలిస్‌లో మెక్సికో సంతతికి చెందిన పదిమంది స్త్రీలు వేసిన వ్యాజ్యములో 1978లో తీర్పు వచ్చినది. పురిటినొప్పులలో ఉండగా, తమకు రాని ఇంగ్లీషులో వ్రాసిన కాగితములపై సంతకము చేయించి, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసిరని వారి ఫిర్యాదు. వారు ఓడిపోయిరి. వైద్యులకును రోగులకును మధ్య మాట కుదరకపోవుటయే కారణమని న్యాయమూర్తి తలచెను. ఐనను ఆ కాలముననే కేంద్రప్రభుత్వము నియమములను మార్చెను: ప్రసవవేదనలో సమ్మతి తీసికొనరాదు, ముప్పది దినముల గడువు ఉండవలెను, రోగికి తెలిసిన భాషలో చెప్పవలెను. 1909 మొదలు సుమారు ఇరువదివేల మందిని సంతానహీనులను చేసిన కాలిఫోర్నియా చట్టము 1979లో రద్దయినది. మాట కుదరనిచోట సమ్మతి లేదు.

రెండవది, వద్దనుటకు స్వేచ్ఛ కలదా? గిర్మిటులో పని మానుట నేరము, దానికి శిక్ష. బిడ్డను మోయు స్త్రీకి తన శరీరముపై జరుగు చికిత్సను వద్దను హక్కు ఒప్పందమువలన పోయినచో, అది సహాయము కాదు, గిర్మిటే.

మూడవది, ఆమె పేరు నిలుచునా? రోహిణిని ఎవరును మరువలేదు, బలరాముని రౌహిణేయుడనిరి. దేవకీనందనుడని పిలిచిన నోటితోడనే కృష్ణుని యశోదానందనుడనియు పిలుతుము. మన సంప్రదాయము ఇద్దరు తల్లులను చూచి భయపడలేదు. ఇద్దరి పేర్లను బిడ్డకు తగిలించినది. బిడ్డను మోసిన స్త్రీ పేరు చెరిపివేయబడిన నాడు, తల్లి పేరుకు గడి లేని మన వలసపత్రము మరల వ్రాయబడినట్లే.

ఈ మూడింటికిని నిలిచినదానిని ధర్మమనవచ్చును. నిలువనిదానిని, ఎంత సొమ్ము చేతులు మారినను, ధర్మమనరాదు.

మనము చేయదగినది

ఇంతవరకు చెప్పినదానిని మూడు మాటలలో క్రోడీకరింతును. కడుపు బంధమునకు మొదలు. అది సత్యము, దానిని తక్కువ చేయరాదు. బంధము నిలుచుట మాత్రము కర్తవ్యమువలన. మన జహాజీలు అది చేసి చూపిరి. ఆ కర్తవ్యములో మొదటిది, కన్న ప్రతి కడుపునకును — నా తల్లిదైనను పరాయి తల్లిదైనను — గౌరవము చూపుట. అది ధర్మరాజు నేర్పిన పాఠము.

ఇక ఆచరణ. మన ఇండ్లలో పెద్దమ్మలు, అవ్వలు ఉన్నచోట కూర్చుండి వారి తల్లి పేరు, ఆమె తల్లి పేరు అడిగి వ్రాసికొనవలెను. ప్రభుత్వము ఉంచని గడిని మనము ఉంచుదము. మన ఆడపడుచులు వైద్యుని యొద్దకు పోవునపుడు, అర్థము కాని కాగితముపై సంతకము చేయరాదు. భాష తెలియనిచో దుబాసీని అడుగవలెను. ఈ దేశపు ఆస్పత్రులలో అది బిచ్చము కాదు, హక్కు. వారి వెంట భర్తయే గాక తెలిసిన ఆడుది కూడ ఒకతె పోవుట మంచిది. బిడ్డలు లేని ఇంటికి పేరంటమునకు పిలుపు తప్పరాదు. దత్తత వచ్చిన బిడ్డను 'పెంచుకొన్న బిడ్డ' యని పదిమందిలో వేరుచేసి చెప్పరాదు. తరగతిలో మా పిల్లలకు 'కజిన్' తో పాటు అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు, తోబుట్టువు అను మాటలు నేర్పుచున్నాము, ఇంటిలోను పిలిపింపుడు. పిలుపు లేనిచోట బంధము ఎక్కువ కాలము నిలువదు.

శాక్రమెంటో, హేవర్డ్, మొడెస్టో మొదలైన పట్టణములలో నేడు మన కుటుంబములు విడివిడిగా బ్రదుకుచున్నవి. 1965 నాటి వలసచట్టము తరువాత కొందరు, 1987లో ఫిజీలో జరిగిన సైనిక తిరుగుబాట్ల తరువాత మరికొందరు ఇక్కడికి చేరిరి. ఈసారి మనలను తెచ్చినది విమానము; అందులో పక్కన కూర్చుండినవాని పేరు కూడ మనకు తెలియదు. ఓడ మనకు ఇచ్చినది విమానము ఇయ్యలేదు. ఆ కొరతను తీర్చుకొనుటకే ఈ ఆలయము, ఈ సంఘము, ఈ పండుగలు.

కావున ఇకమీదట సభలో ఎవరైనను "సహోదర సహోదరీమణులారా" అని పిలిచినపుడు అది మర్యాదకు పలికిన మాటయని ఊరకుండవలదు. ఎదుట కూర్చుండినవారు మన తల్లి కడుపున పుట్టినవారు కారు; ఐనను వారిని గన్న తల్లియొకతె కలదు, ఆమె నొప్పులు పడినది, ఆమె పేరు ఏ జాబితాలోను లేకపోవచ్చును. ఆమెను తలచి ఆ పిలుపునకు పలుకుదము. అందరు తల్లులకును నమస్కారము. శుభమస్తు.